వెనక గదిలో పేలు

ఇల్లు సర్దినట్టే ఉంది. మనిషే లేదు.

శుక్రవారం మధ్యాహ్నం. ఇన్‌స్పెక్టర్ గుమ్మంలో ఆగి లోపలికి ఒకసారి చూపు సారించింది. ముందు గదిలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక బల్ల. దాని వెనక వంటిల్లు. వంటింటి వెనక ఇంకో గది. దాని తలుపు మూసి ఉంది. ఇంటికి ఒక పక్క తాళం వేసిన గోడౌన్. ఇంకో పక్క పొద్దస్తమానం ధడధడలాడే ప్రింటింగ్ ప్రెస్సు. ఈ ఇంట్లో పిడుగు పడ్డా పక్కవాళ్ళకి వినపడదు.

"ఫోన్ చేసింది మీరేనా?"

"నేనేనండీ."

అతను సరుకుల వ్యాన్ డ్రైవర్. ఆదివారం పొద్దున్న లోడు వేసుకుని వెళ్ళాడు. ఈరోజే తిరిగొచ్చాడు. వచ్చేసరికి భార్య లేదు. ఆమె పెంచుకునే కుక్క కూడా లేదు. ఫోన్ స్విచాఫ్.

"చివరిసారి ఎప్పుడు చూశారు?"

"ఆదివారం పొద్దున్నేనండీ. ఆరింటికి. టీ పెట్టిచ్చింది."

"ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది."

"గొడవేమైనా జరిగిందా?"

"ఆలుమగలన్నాక ఏదో ఒకటి ఉంటుంది కదండీ. ఇల్లు వదిలిపోయేంత గొడవ కాదు."

"కుక్క?"

"అప్పుడు దాని కాళ్ళ దగ్గరే ఉంది. దాన్ని వదిలి అది, అది లేకుండా ఇది, క్షణం ఉండవు."

భార్యకీ కుక్కకీ కలిపి ఒకటే 'అది' వాడుతున్నాడని ఇన్‌స్పెక్టర్ మనసులో రాసుకుంది.

వంటిల్లు చూసింది. గిన్నెలో పాలు విరిగి పచ్చబడ్డాయి. డబ్బాలో బ్రెడ్డు ముక్కలకి బూజు మొదలైంది. తీగ మీద ఆడమనిషి బట్టలు రెండు, బిగుసుకుపోయేంతగా ఆరి ఉన్నాయి. అన్నీ ఐదారు రోజుల నాటివే. ఆదివారం లెక్కకి సరిపోతున్నాయి.

"ఆ గది?"

"పడుకునే గదండీ. కుట్టు మిషను కూడా అక్కడే. బట్టలు కుడుతుంది."

"శనివారం రాత్రి అక్కడే పడుకున్నారా?"

"అక్కడే. ఇద్దరం. కుక్క మంచం కింద."

గడియ తీసి ఆమె లోపలికి నడిచింది. వెనకే హెడ్ కానిస్టేబుల్. మంచం మీద దుప్పటి మడత పెట్టి ఉంది. కిటికీ మూసి ఉంది. కుట్టు మిషను మీద గుడ్డ కప్పి ఉంది, పక్కనే కత్తెర. మంచం కింద పాత గోనెపట్టా, దాని మీద నల్లటి కుక్క బొచ్చు.

చీలమండ దగ్గర చురుక్కుమంది.

ఇంకోటి. మోకాలి కింద ఇంకోటి. హెడ్ కానిస్టేబుల్ ప్యాంటు పైకెత్తి చూసుకున్నాడు. ఖాకీ సాక్సుల నిండా నువ్వులు చల్లినట్టు నల్ల చుక్కలు. చుక్కలు గెంతుతున్నాయి.

"మేడం, ఇవి మనకోసం విస్తరేసుకుని కూర్చున్నట్టున్నాయి."

"కుక్క పేలండీ," అన్నాడు డ్రైవర్. "చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది. ఆ కుక్కని ఎక్కడైనా వదిలెయ్యవే అంటే వినదు."

అతను గడపకి అవతలే నిలబడ్డాడు. లోపలికి అడుగు వెయ్యలేదు.

ఇద్దరూ కాళ్ళు దులుపుకుంటూ బయటపడ్డారు. జీపెక్కాక కూడా హెడ్ సీటు మీద కుదురుగా కూర్చోలేకపోయాడు.

*

తప్పిపోయిన మనిషికి ఒక అక్క ఉంది. కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని. ఆ సాయంత్రం ఇన్‌స్పెక్టర్ ఆమె ఇంటికి వెళ్ళింది.

రెండో అంతస్తులో ఇల్లు. సోఫా తీసుకెళ్ళి బాల్కనీలో పెట్టేశారు. నేల మీద చాప కూడా లేదు. గది మూల దీపం, దీపం కింద వెడల్పాటి పళ్ళెంలో సబ్బునీళ్ళు. నీళ్ళ మీద నల్లగా ఏవో తేలుతున్నాయి. మంచం మీద ఐదేళ్ళ పిల్ల నిద్రపోతోంది. మోకాళ్ళ దాకా ఎర్రటి దద్దుర్లు, వాటి మీద తెల్లటి మందు.

"దాన్ని నేనే వెళ్ళగొట్టాను మేడం," అంది అక్క, కూర్చోకుండానే.

"ఎవరిని?"

"మా పిచ్చుకని. చెల్లెలికి నేను పెట్టిన పేరది. సన్నగా ఉండేది, ఊరికే కిచకిచలాడేది. అందరూ అదే పేరుతో పిలవడం మొదలుపెట్టారు."

నెల దాటిందట. ఒక పొద్దున్న పిచ్చుక ఒక చేత్తో సంచీ, ఇంకో చేత్తో కుక్క తాడు పట్టుకుని వచ్చింది. కుక్క పేరు బూచి. నల్లటిది, కళ్ళ మీద గోధుమరంగు బొట్లు. కొన్నాళ్ళుంటానక్కా అంది. ఎందుకో చెప్పలేదు. మణికట్టు మీద కమిలిన మచ్చ ఉంది. అడిగితే గడియ తగిలిందంది.

"నేను మళ్ళీ అడగలేదు," అంది అక్క. "అడిగితే చెప్పేదేమో."

"ఎన్నాళ్ళుంది?"

"వారం. వారానికే ఇల్లంతా పేలు. మందు షాంపూతో కుక్కకి స్నానం చేయించాం. సన్నపళ్ళ దువ్వెనతో దువ్వి, రాలినవన్నీ సబ్బునీళ్ళలో వేశాం. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే మెడ వెనక చుక్కల మందు వేశాడు. దుప్పట్లు, పరదాలు మరిగే నీళ్ళలో ఉతికాం. తెల్లారేసరికి మళ్ళీ మొదటికే. పిల్ల రాత్రంతా గోక్కుని గోక్కుని ఏడ్చేది. ఒకరోజు పనికి పోయి అలిసిపోయి వచ్చాను. నోరు జారాను."

"ఏమన్నారు?"

"ఆ కుక్కో, నా ఇల్లో, తేల్చుకో అన్నాను."

మంచం మీద పిల్ల అటునుంచి ఇటు తిరిగింది. అక్క వెళ్ళి దుప్పటి సర్ది వచ్చింది.

"అది ఎదురు చెప్పలేదు మేడం. సంచీ సర్దుకుంది. బూచి లేకుండా నేనుండలేనక్కా అని, మళ్ళీ మొగుడి దగ్గరికే పోయింది. అంతే. మళ్ళీ దాని మొహం చూళ్ళేదు."

"మాట్లాడనైనా లేదా?"

"మెసేజీలే. బాగున్నాను, పనిలో ఉన్నాను, తర్వాత చేస్తాను. ఫోన్ చేస్తే తీసేది కాదు. అలిగిందిలే అనుకున్నాను. నేనూ బింకానికి పోయాను. చిన్నది కదా, అదే దిగొస్తుందిలే అని."

ఇన్‌స్పెక్టర్ చీలమండ గోక్కుంది. అక్క చూపు అటు పడింది.

"ఇక్కడ కుట్టాయా?"

"లేదు. మీ చెల్లెలి ఇంట్లో."

"వీటిది పగబట్టినట్టే ఉంటుంది మేడం. కుక్క వెళ్ళిపోయాక తిండి దొరక్క అవే చస్తాయనుకున్నాం. ఇల్లు తాళం వేసి రెండు వారాలు మా అత్తగారింటికి పోయాం. తిరిగొచ్చి తలుపు తీసి రెండడుగులు వేశామో లేదో, వానలా మీద పడ్డాయి. వెళ్ళేటప్పుడు అన్ని లేవు."

ఇన్‌స్పెక్టర్ తలూపింది. ఆమె బుర్రంతా ఆ కమిలిన మణికట్టు మీదే ఉంది. మిగతా మాటలు ఒక చెవిలోంచి ఇంకో చెవిలోకి పోయాయి.

*

శనివారం, ఆదివారం డ్రైవర్ చెప్పిన ప్రతి మాటనీ జల్లెడ పట్టారు.

జల్లెడలో ఏమీ మిగల్లేదు. ఆదివారం ఏడున్నరకి అతని వ్యాన్ ఊరు దాటింది. టోల్ గేట్ కెమెరాలో మొహం స్పష్టంగా ఉంది. ఐదు రోజులూ ఎక్కడ డీజిల్ పోయించాడో, ఎక్కడ సరుకు దించాడో, ఎక్కడ తిన్నాడో చెప్పినవాళ్ళున్నారు. పిచ్చుక ఫోన్ ఆఖరి సిగ్నల్ ఆదివారం పొద్దున్న, ఆ ఇంటి చుట్టుపక్కలే. అంతకు ముందురోజు కూడా అక్కకి ఒక మెసేజ్ వెళ్ళింది.

గుర్తు తెలియని ఆడవాళ్ళ గురించి అన్ని స్టేషన్లకీ, ఆసుపత్రులకీ కబురు పెట్టారు. ఆదివారం నుంచి శుక్రవారం దాకా. ఎక్కడా ఎవరూ లేరు.

సోమవారం పొద్దున్న పై ఆఫీసరు పిలిచాడు.

"మొగుడు ఊళ్ళో లేడు. ఇంట్లో పెనుగులాట లేదు. కుక్కని కూడా వెంటబెట్టుకుపోయింది. ఎత్తుకుపోయేవాడు కుక్కని తీసుకుపోతాడా? ఆవిడే వెళ్ళింది. కోపం తగ్గాక వస్తుంది."

"అక్కకి కూడా చెప్పకుండానా సార్?"

"వెళ్ళగొట్టిన అక్కకి చెప్పిపోతుందా?"

ఆ మాట కాదనలేకపోయింది. నిజంగానే ఆమెకీ సగం అలాగే అనిపిస్తోంది. కష్టాలు పడ్డ ఆడది, ఒక కుక్క తప్ప దిక్కులేనిది, ఎటో ఒక దారి పట్టుకుని పోయుంటుంది. పోయి ఎక్కడో సుఖంగా ఉంటే అంతకన్నా ఏం కావాలి.

కానీ కుట్టు మిషను దగ్గర కత్తెర అలాగే ఉంది. పనితో బతికే మనిషి కత్తెర వదిలి పోతుందా?

అదొక్కటే ఆమెకి మింగుడుపడలేదు. కనీసం కుక్కనైనా వెతుకుదామని, బూచికి వైద్యం చేసిన పశువుల డాక్టర్ దగ్గరికి బయల్దేరింది.

*

డాక్టర్ బల్ల మీద ఒక ముసలి కుక్క పడుకుని ఉంది. ఆయన దాని బొచ్చు పాయలు తీసి చూస్తున్నాడు. ఇన్‌స్పెక్టర్ కుక్కలకి నాలుగడుగుల దూరంలో ఉండే మనిషి. గోడకి ఆనుకుని నిలబడింది.

"నల్ల కుక్క, గోధుమరంగు బొట్లు. గుర్తుందండీ. దాన్ని పట్టుకొచ్చినమ్మాయి మందు వేస్తుంటే తనకే సూది గుచ్చినట్టు కళ్ళు మూసుకుంది."

"మందు వేశాక కూడా పోలేదట కదా?"

"కుక్క మీదవి పోతాయి. కుక్క మీద ఉండేవి ఎన్నని? పిడికెడు. అసలు సంసారమంతా ఇంట్లో ఉంటుంది. పరుపు కింద, నేల పగుళ్ళలో, గోనెపట్టాలో."

ఆయన తల ఎత్తకుండానే అడిగాడు.

"మీరెక్కడ అంటించుకున్నారు? వచ్చిన దగ్గర్నుంచీ కాలు గోక్కుంటున్నారు."

"వాళ్ళింట్లోనే. వెనక గదిలోకి వెళ్ళిన నిమిషంలో మీద పడ్డాయి. మా హెడ్ సాక్సులు నల్లబడిపోయాయి."

"నిమిషంలోనా?" డాక్టర్ చేతిలో దువ్వెన ఆగింది. "ఆ గది ఎంతకాలంగా మూసేశారు?"

"మూయలేదు. మేం వెళ్ళడానికి ఐదు రోజుల ముందు దాకా ఇద్దరు మనుషులు, కుక్క అందులోనే పడుకున్నారు."

డాక్టర్ ఆమె వైపు వింతగా చూశాడు.

ఇన్‌స్పెక్టర్‌కి అక్క మాటలు ఇప్పుడు వినపడ్డాయి. వానలా మీద పడ్డాయి. వెళ్ళేటప్పుడు అన్ని లేవు.

"డాక్టర్ గారూ, ఒక్క సంగతి చెప్పండి," అంటూ దగ్గరికి నడిచింది. బల్ల మీద కుక్క ఉన్న సంగతే మర్చిపోయింది.

పావుగంట తర్వాత బయటికొచ్చి హెడ్‌కి ఫోన్ చేసింది.

"మనం వెతికిన తేదీలు తప్పు. నెల వెనక్కి పోయి వెతకండి. అన్ని ఆసుపత్రులూ, అన్ని మార్చురీలూ. ముఖ్యంగా అతని వ్యాన్ తిరిగే రోడ్డు పొడుగునా."

"నెల వెనక్కా మేడం? అతను లోడుకెళ్ళే ముందురోజు దాకా మెసేజీలు..."

"మెసేజ్ ఎవరైనా పెట్టొచ్చు. జరిగిందేదో అతను అడుగు పెట్టని ఆ గదిలోనే జరిగింది. ఆ మిషనుకి ఇనప స్టాండు ఉంది చూశారా, దాన్ని విప్పి ల్యాబుకి పంపండి. అతుకుల్లో కూడా చూడమనండి."

"ఏం దొరికింది మేడం?"

"మీ సాక్సులు."

హెడ్‌కి అర్థం కాలేదు. కానీ ఇరవై ఏళ్ళ సర్వీసులో అర్థం కాకుండానే చాలా పనులు చేశాడు. ఇదీ చేశాడు.

మంగళవారం సాయంత్రం ఆయన తలుపు కొట్టకుండా లోపలికొచ్చి ఫోన్ ఆమె ముందు పెట్టాడు. తెర మీద ఒక ఫోటో ఉంది.

ఇన్‌స్పెక్టర్ ఆ ఫోటో చాలాసేపు చూసింది. తర్వాత లేచి, కళ్ళద్దాల దుకాణానికి తనే స్వయంగా వెళ్ళింది.

*

బుధవారం పదకొండింటికి డ్రైవర్ ఇంట్లో నలుగురు ఉన్నారు. హెడ్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

డ్రైవర్ ఒక కుర్చీలో. ఎదురుగా అక్క. ఆమె మొహం ఉతికిన గుడ్డలా పాలిపోయి ఉంది. ఒళ్ళో రెండు చేతులూ ముడేసుకుని కూర్చుంది. ఆమెకి ఒక సంగతి తెలుసు. నేను చెప్పేదాకా నోరు విప్పొద్దని ఇన్‌స్పెక్టర్ మాట తీసుకుంది. పక్కన పశువుల డాక్టర్.

"కేసు ఎక్కడి దాకా వచ్చిందండీ?" అన్నాడు డ్రైవర్. "పాపం వదిన నాకంటే ఎక్కువ కుమిలిపోతోంది."

"చెప్తాను. ముందు ఒక పని చెయ్యండి. ఉక్కగా ఉంది. ఆ గది కిటికీ తెరిచి రండి."

డ్రైవర్ వెనక గది వైపు చూశాడు. లేవలేదు.

"అది బిగుసుకుపోయిందండీ. రాదు."

"మొన్న కూడా మీరు గడప దాటలేదు. రోజూ పడుకునే గది కదా?"

"పేలున్నాయి కదండీ."

"ఉన్నాయి. మీ కాళ్ళకి ఒక్క మచ్చ కూడా లేదు. వారం ఉన్నందుకే వీళ్ళ పిల్ల కాళ్ళు చూడలేకపోయాం. నెలలకొద్దీ అక్కడే పడుకున్నానంటున్న మీకు ఒక్కటీ కుట్టలేదా?"

అతను కాళ్ళు కుర్చీ కిందికి లాక్కున్నాడు.

ఇన్‌స్పెక్టర్ డాక్టర్ వైపు తిరిగింది. "నాకు చెప్పింది ఇక్కడ కూడా చెప్పండి."

డాక్టర్ గొంతు సవరించుకున్నాడు.

"మనం పేలంటాం గానీ, పేను గెంతదు. ఇది గెంతుతుంది. కుక్క మీద గుడ్లు పెడుతుంది, అవి నేల మీద రాలతాయి. పురుగై, ఆ పురుగు గూడు కట్టుకుంటుంది. ఆ గూట్లోకి ఏ మందూ సరిగా పోదు. అందుకే వీటిని వదిలించడం అంత కష్టం. లోపల పేను తయారైపోయినా వెంటనే బయటికి రాదు. అడుగుల చప్పుడు, ఒంటి వేడి, ఊపిరి తగిలేదాకా కాచుకుని కూర్చుంటుంది. వారాలు, ఒక్కోసారి నెలలు."

"మనుషులు తిరిగే గదిలో?"

"రోజూ కొన్ని కొన్ని బయటికొచ్చి కుక్క మీదికి పోతాయి. ఒక్కసారిగా అన్ని మిగలవు. మూసిన గదిలో మాత్రం అన్నీ పోగవుతాయి. తలుపు తీసి కాలు పెడితే ఒక్కసారిగా లేస్తాయి. వీళ్ళింట్లో జరిగింది అదే. ఇక్కడ కూడా అలా లేచాయంటే ఈ వెనక గదిలో వారాల తరబడి ఎవరూ అడుగు పెట్టలేదన్నమాట. ఐదు రోజులకి అంత కాదు."

"పాలు ఆదివారం విరిగాయి," అంది ఇన్‌స్పెక్టర్. "బ్రెడ్డు ఆదివారం నాటిది. ఉతికిన బట్టలు ఆదివారం నాటివి. ఎవరు చూసినా ఆదివారం దాకా ఈ ఇంట్లో ఆడమనిషి ఉందనే అనుకుంటారు. మేమూ అనుకున్నాం. లోడుకి వెళ్ళేముందు అవన్నీ మీరు సర్దారు. వెనక గది ఒక్కటే సర్దలేదు. దాంట్లోకి వెళ్ళలేకపోయారు. ఆదివారానికి మీకు సాక్ష్యాలు బోలెడున్నాయి. నెల కిందటి గురువారానికి ఉన్నాయా?"

డ్రైవర్ పెదాలు తడుపుకున్నాడు. తర్వాత చిన్నగా నవ్వాడు.

"కోర్టులో పేలు సాక్ష్యం చెప్తాయా మేడం? జడ్జి గారు నవ్వుతారు."

"చెప్పవు. ఎక్కడ వెతకాలో మాత్రం చెప్పాయి. కుట్టు మిషను స్టాండు అతుకుల్లో రక్తం దొరికింది. పైపైన బాగానే తుడిచారు. ఇంకోటి కూడా దొరికింది."

ఆమె అక్క వైపు ఒకసారి చూసింది.

"మీ ఆవిడ దొరికింది. హైవే పక్కన కల్వర్టు కింద. రోడ్డు పనివాళ్ళు చూసి, తీసుకెళ్ళి ఆసుపత్రిలో చేర్చారు. తలకి దెబ్బ. మూడు వారాలు స్పృహ లేదు. పేరు తెలీదు. ఎవరూ కంప్లైంట్ ఇవ్వలేదు కాబట్టి ఎవరూ వెతుక్కుంటూ రాలేదు."

ప్రెస్సు చప్పుడు గోడలోంచి వస్తూనే ఉంది.

డ్రైవర్ నేల చూస్తూ అడిగాడు.

"మాట్లాడుతోందా?"

ఎలా ఉందని అడగలేదు. ఎక్కడుందని అడగలేదు. గుమ్మంలో హెడ్ తల పక్కకి తిప్పుకున్నాడు.

"రెండు రోజుల నుంచి ఒకటీ అరా మాటలు వస్తున్నాయట," అంది ఇన్‌స్పెక్టర్. "నువ్వే ముందు చెప్తే మంచిది."

'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. అతను గమనించాడు. చెప్పడం మొదలుపెట్టాడు.

అక్క ఇంటినుంచి ఆమె తిరిగొచ్చిన మర్నాడే జరిగింది. అతనికి పేలతో ఒళ్ళు మండిపోతోంది. పొలాలకి కొట్టే పురుగుమందు డబ్బా తెచ్చాడు. కుక్కని తాడుతో కట్టి, మందు దాని మీద పోయబోయాడు. చస్తుందని పిచ్చుక అడ్డం పడింది. చస్తే పీడా పోతుందన్నాడు. ఆమె డబ్బా లాక్కుంది. అతను తోశాడు. ఆమె తల ఇనప స్టాండుకి కొట్టుకుంది.

"చంపాలని కాదండీ. ఒక్క తోపు. అంతే."

"ఊపిరి ఉందో లేదో చూశావా?"

అతను అరచేతులు ప్యాంటుకి రుద్దుకున్నాడు.

"వ్యాన్లో తీసుకెళ్ళావు. దారిలో ఎన్ని ఆసుపత్రులు దాటావు?"

అతను మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

"కుక్క?"

"దాన్నీ ఎక్కించాను. అక్కడ తలుపు తియ్యగానే దూకి పొలాల్లోకి పారిపోయింది. మళ్ళీ దొరకలేదు. అప్పట్నుంచి ఈ ఇంట్లో పడుకోలేదండీ. వ్యాన్లోనే."

అప్పటిదాకా నోరు విప్పని అక్క మెల్లగా లేచి నిలబడింది. ఆమె గొంతు కూడా పైకి లేవలేదు.

"బాగున్నానక్కా అని నాకు పెట్టింది నువ్వేనా?"

"వదినా..."

"ఆ ముందు శనివారం పిల్లకి తగ్గిందా అని అడిగింది నువ్వేనా? దాన్ని కల్వర్టు కింద పడేసి, నా పిల్లకి తగ్గిందా అని నన్నడిగావా?"

అతను తల ఎత్తలేదు. హెడ్ వచ్చి అతని జబ్బ పట్టుకుని లేపాడు.

*

ఆసుపత్రి ఆరుగంటల ప్రయాణం. ఇన్‌స్పెక్టరే మర్నాడు పొద్దున్నే అక్కని జీపులో తీసుకెళ్ళింది. దారి పొడుగునా అక్క ఒక్క మాటే అడిగింది.

"ఆ రోజు కుక్కని ఉండనిచ్చుంటే, ఇది జరిగేది కాదు కదా మేడం?"

కాదమ్మా, మీ తప్పేం లేదు అనడం తేలిక. ఇన్‌స్పెక్టర్ అనలేదు.

"ఆ రోజు జరిగేది కాదు," అంది. "తోసింది మాత్రం మీరు కాదు."

వార్డులో చివరి మంచం. గుండు చేసిన తల, ఎముకల గూడులాంటి ఒళ్ళు. అక్క రెండడుగుల దూరంలో ఆగిపోయింది. పడుకున్న మనిషి కళ్ళు తెరిచి చూసింది. ఆ కళ్ళు అక్క మొహం మీద ఆగాయి, పక్కకి పోయాయి, మళ్ళీ వచ్చాయి.

"అక్కా," అంది. ఒక్కో అక్షరం బరువు మోసుకొచ్చినట్టు వచ్చింది.

అక్క మంచం పక్కన కూలబడి ఆ చెయ్యి పట్టుకుంది. ఏడుపు రాలేదు. 

"బూచి?" అంది పిచ్చుక.

నర్సు ఇన్‌స్పెక్టర్ వైపు చూసి మెల్లగా చెప్పింది. "మూడు రోజులుగా ఈ మాటే అంటోందండీ. ఎవరిని చూసి భయపడుతోందో అనుకున్నాం."

"మా ఇంట్లో ఉందే," అంది అక్క. "మంచం కింద పడుకుంది. నువ్వు లేచి రా. రాగానే చూద్దువు గాని."

పిచ్చుక కళ్ళు మూసుకుంది. ఆమె వేళ్ళు అక్క చేతిని వదల్లేదు. నిద్ర పట్టాకే వదిలాయి.

వరండాలోకి రాగానే అక్క కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుంది.

"ఆ కల్వర్టు ఇక్కడికి ఎంత దూరం మేడం?"

"అరగంట."

"నన్ను తీసుకెళ్తారా?"

"నెల దాటిందమ్మా. హైవే. లారీలు."

"తెలుసు. అయినా తీసుకెళ్ళండి. దానికి అబద్ధం చెప్పొచ్చాను."

కల్వర్టు దగ్గర రోడ్డు పని ఇంకా సాగుతోంది. తారు డ్రమ్ముల పక్కన మేస్త్రీ గొడుగు కింద కూర్చుని ఉన్నాడు. ఇన్‌స్పెక్టర్ అడగబోయేంతలో అక్కే అడిగేసింది. నల్ల కుక్క. కళ్ళ మీద గోధుమరంగు బొట్లు.

మేస్త్రీ తలపాగా సర్దుకున్నాడు.

"ఒకటుందమ్మా. ఆ పిల్ల దొరికిన రోజు దాని అరుపు విని కిందికి దిగాం. లేకపోతే మాకు కనపడేదే కాదు. పిల్లని ఎత్తుకెళ్తుంటే ట్రాక్టరు వెనక చాలా దూరం పరిగెత్తింది. మళ్ళీ ఇక్కడికే వచ్చింది. చిక్కి శల్యమైంది. ఎవరినీ దగ్గరికి రానివ్వదు. మా అన్నాలప్పుడు అదిగో ఆ తూము దాకా వస్తుంది. పెట్టింది తిని పోతుంది."

"ఎప్పుడొస్తుంది?"

"పొద్దువాలే ముందు. ఇంకా రెండు మూడు గంటలు పడుతుంది."

అక్క కల్వర్టు గోడ మీద కూర్చుంది. పక్కనుంచి లారీ పోతే ఎర్రటి దుమ్ము ఆమె మీద పడింది. దులుపుకోలేదు.

ఇన్‌స్పెక్టర్ ఫోన్ మోగింది. స్టేషన్ నుంచి. తర్వాత చేస్తానని చెప్పి పెట్టేసింది.

"మీకు పనులుంటాయి, వెళ్ళండి మేడం," అంది అక్క. "అది వచ్చేదాకా నేనిక్కడే ఉంటాను."

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి గోడ మీద పెట్టి, ఆమె పక్కనే కూర్చుంది.